వరద తీసిన పిదప మగ్గము మరల ఆడవలెను

వరదనీరు ఊరినుండి తీసిపోయిన మరునాడు ప్రభుత్వోద్యోగులును, స్వచ్ఛంద సేవకులును ముందుగా చూచునవి అన్నము, మంచినీరు, మందులు, తలదాచుకొను చోటు. ఇది న్యాయమే. ప్రాణము నిలిచిన పిమ్మటనే తక్కిన మాట. కాని కొన్ని దినములు గడచి, సహాయ శిబిరములు మూసివేసిన తరువాత ప్రతి కుటుంబమును ఎదుర్కొను ప్రశ్న వేరొకటి: రేపటినుండి ఏ పని చేసి బ్రదుకవలెను?

రైతు పంటనష్టము చేలో అందరికిని కనబడును. కుమ్మరి సారె, చిల్లరకొట్టులోని సరకు, నేతపనివాని మగ్గము ఇంటిలోపల నుండును గనుక వాని నష్టము ఆలస్యముగా లెక్కకు వచ్చును. ఒక్కొక్కప్పుడు రానే రాదు. రెక్కాడితేగాని డొక్కాడని ఈ కుటుంబములకు పని ఆగిన ప్రతి దినమును ఒక నష్టమే. చేనేతను ఉదాహరణముగా గైకొని ఈ విషయమును పరిశీలింతము.

నీరు చేరిన గుంట

మన పల్లెలలో అనేక మగ్గములు గుంట మగ్గములు. నేతపనివాడు గుంటలో కాళ్లుంచి తొక్కుడు కర్రలను తొక్కుచు నేయును. నేలలోని చెమ్మ సన్ననూలు తెగకుండ కాపాడును గనుక పెద్దలు ఈ పద్ధతిని ఏర్పరచిరి. కాని అదే గుంట వరదకు మొదట లోబడును. గుంట బురదతో నిండును. కొయ్య ఉబ్బి వంకరపోవును. ఇనుప భాగములు త్రుప్పు పట్టును. మగ్గముపై నున్న పడుగు, కండెలకు చుట్టిన పేక, నేసి మడచిన బట్ట మూడును ఒకేసారి పాడగును. నీరు తీసినను నేల ఆరుటకు వారములు పట్టును.

అనగా నేతపనివాడు పనిముట్టును, ముడిసరకును, అమ్ముడు సరకును ఒక్క రాత్రిలో కోల్పోవుచున్నాడు. నూలుకొరకు తెచ్చిన అప్పు మాత్రము వరదలో కొట్టుకొనిపోదు.

చేందమంగళము చెప్పు పాఠము

2018 ఆగస్టులో కేరళ రాష్ట్రమును ముంచెత్తిన వరదలలో 400మందికి పైగా మరణించిరి. ఎర్ణాకుళము జిల్లాలోని చేందమంగళము సన్నని నూలు ధోవతులకు, చీరలకు పేరుపొందిన నేత గ్రామము. ఆ ఏడు ఆగస్టు 25న ఓణము పండుగ. సంవత్సరములో అన్నిటికంటె పెద్ద అమ్మకము అప్పుడే జరుగును. పండుగకై నేసి సిద్ధముచేసిన బట్టలు సహకార సంఘముల గిడ్డంగులలో నుండగా పండుగకు పది దినముల ముందు నీరు వచ్చెను. మగ్గములు మునిగెను, బట్టలు బురదపాలయ్యెను.

ఉతికినను మరక పోని బట్టను ఎవరు కొందురు? ఈ సమయమున లక్ష్మీ మేనోన్, గోపీనాథ్ పరయిల్ అను ఇరువురు ఒక ఉపాయము నాలోచించిరి. పాడైన బట్టను శుభ్రపరచి, ముక్కలు చేసి, చిన్న బొమ్మలు కట్టించిరి. వానికి ‘చేకుట్టి’ అని పేరిడిరి. మలయాళములో ‘చేరు’ అనగా బురద, ‘కుట్టి’ అనగా బిడ్డ. బొమ్మల మొగములపై బురద మరకలు అట్లే యుండెను, వానిని దాచలేదు. విద్యార్థులును, గృహిణులును స్వచ్ఛందముగా బొమ్మలు కట్టిరి. సుమారు 1,300 రూపాయల వెలగల ఒక చీరనుండి 360 బొమ్మలు వచ్చును. బొమ్మ 25 రూపాయల చొప్పున 9,000 రూపాయలు చేకూరును. ఈ సొమ్ము నేతపనివారికి చేరెను.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. బొమ్మలు మగ్గమునకు బదులు కావు. కట్టినవారు కూలి తీసికొనలేదు గనుకనే అంత మిగిలెను. మరకబట్ట తీరిన పిమ్మట ఆ ఆదాయమును తగ్గును. అది మగ్గము మరల నిలుచువరకు ఆసరా మాత్రమే. నేతపనివారిని నిజముగా నిలిపినది మగ్గముల మరమ్మతు, క్రొత్త నూలు, క్రొత్త బట్టకు దొరికిన గిరాకి. దానములతో పాటు ఈ మూడును సమకూరినప్పుడే వృత్తి కోలుకొనును.

వరుస తప్పరాదు

సహాయము ఎంత వచ్చినదనుటతో పాటు ఏ వరుసలో వచ్చినదనుటయు ముఖ్యము. మగ్గము బాగుపడక మునుపు నూలు ఇచ్చినచో అది ఇంటిలో నూరక పడియుండును, లేదా అవసరమునకు అమ్ముడుపోవును. మగ్గమును, నూలును ఇచ్చి బట్ట కొనువారిని చూపనిచో పనివాడు తిరిగి షావుకారును ఆశ్రయించి, చెప్పిన ధరకే అమ్మవలసివచ్చును. కావున మొదట గుంటను పూడికతీసి ఆరబెట్టి మగ్గమును నిలుపుట. పిదప నూలు, మొదటి బట్ట అమ్ముడుపోవు వరకు కూలి. అటుపై సంఘముద్వారా కొనుగోలు. పాత అప్పుల వాయిదాలకు గడువు పొడిగించుటయు ఇందు చేరినదే. ఈ వరుసలో ఆలస్యము జరిగినచో పడుచువాడు పట్టణమున కూలికి పోవును. పోయినవాడు తిరిగి గుంటలో కూర్చుండుట అరుదు.

ముందుగా చేయదగినవి

విపత్తు సహాయ నిధికై కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రకటించిన నిబంధనలందు చేనేత, చేతివృత్తులవారికి పాడైన పనిముట్లకు 5,000 రూపాయలును, ముడిసరకు లేక తయారైన సరకు నష్టమునకు మరి 5,000 రూపాయలును ఏర్పరుపబడినవి. ఇందులకు అర్హతగల అధికారి ధ్రువీకరణ అవసరము. ఈ మొత్తము మగ్గము వెలకు చాలదు. అయినను మొదటి అడుగునకు ఉపకరించును. దీనిని పొందుటకు నష్టమునకు నిదర్శనము చూపవలయును.

కనుక ప్రతి వృత్తిదారుడును తన పనిముట్ల పట్టికను, ఫొటోలను, గుర్తింపు కార్డు నకలును వేరు ఊరిలోని బంధువులవద్ద నొక ప్రతి ఉంచుట మేలు. తుపాను హెచ్చరిక వినినంతనే నేసిన బట్టను, నూలును అటకపైకి చేర్చవలయును. వీలైనచో పడుగును మగ్గమునుండి విప్పి భద్రపరుపవలయును. సహకార సంఘములు గిడ్డంగిని ఎత్తైన అరుగుపై కట్టి, సరకునకు భీమా చేయింపవలయును. పంచాయతీలు తమ ఊరి మగ్గములు, సారెలు, కొలుములు, కొట్లు ఎన్నియో వానకాలమునకు ముందే లెక్కవ్రాసి యుంచినచో, వరద తీసిననాడు ఎవరి ఇల్లు మరచిపోవుట జరుగదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మొదలు మన తీరము ఎన్నో తుపానులను చూచినది. తుపానును ఆపుట మన చేతిలో లేదు. కాని అది పోయిన పిమ్మట ఊరిలో మగ్గపు చప్పుడు ఎంత త్వరగా వినబడునో అది చాలవరకు మన చేతిలో నున్నది.