ఘాట్ ఎక్కితే తెలుస్తుంది పాత కారు సంగతి!
ఒరిగే బండికి లావు బారు ఒక్కటే మందు కాదు

కొరాపుట్, రాయగడ: సాలూరు దాటి పొట్టంగి మీదుగా కొరాపుట్ వైపు ఎక్కే దారిలో పాత కారు ఆరోగ్యం ఇట్టే బయటపడుతుంది. ఊళ్లో బుద్ధిగా నడిచిన బండే సుంకి ఘాట్ మలుపుల్లో ఓ పక్కకు వాలిపోతుంది. వెనక సీట్లో వాళ్లు దొరికింది పట్టుకుంటారు, పిల్లలకు వాంతులు. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా వచ్చే 326వ నంబరు జాతీయ రహదారిలోనూ ఇదే వరస. రాయగడ సముద్రమట్టానికి 200 మీటర్లకు కాస్త పైన ఉంటే, కొరాపుట్ 870 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ తేడా అంతా మలుపుల్లోనే ఎక్కాలి, మలుపుల్లోనే దిగాలి.

పెద్దాసుపత్రి అంటే విశాఖ, పెళ్లి బట్టలంటే విజయనగరం అనుకునే కుటుంబాలు ఇక్కడ చాలానే. కొత్త కారు కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్న ఎస్టీమ్‌నో, యాక్సెంట్‌నో, ఇండిగోనో బాగు చేయించుకుని నడుపుకోవాల్సిందే. అక్కడే ‘లావు స్టెబిలైజర్ బార్ వేయిస్తే సరి’ అనే సలహా వినిపిస్తుంది. సలహా పూర్తిగా తప్పు కాదు. వరసే తప్పు.

బారు చేసే పనేంటి?

ఎడమ చక్రాన్నీ, కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ ఇది. స్వే బార్, యాంటీ రోల్ బార్, స్టెబిలైజర్ రాడ్.. పేరేదైనా వస్తువొకటే. కెనడాకు చెందిన స్టీఫెన్ కోల్‌మన్‌కు 1919లోనే దీనిపై పేటెంట్ దక్కింది. మలుపులో బయటి వైపు స్ప్రింగు నొక్కుకుపోయి, లోపలి వైపు సాగుతుంది. అప్పుడు ఈ కడ్డీ మెలి తిరిగి, ఆ మెలిక బలంతో బండిని వాలనీయకుండా పట్టుకుంటుంది. రెండు చక్రాలూ ఒకేసారి గతుకులో పడితే మాత్రం దీనికి పనుండదు.

కడ్డీ లావు కొంచెం పెరిగినా బిగువు బాగా పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బారు తీసి 22 మిల్లీమీటర్లది వేస్తే పెరిగిన లావు పదో వంతే. బిగువు మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. చిక్కంతా ఇక్కడే. వర్షాకాలంలో అంచులు కోసుకుపోయిన రోడ్డు మీద ఒక చక్రం గుంతలో పడితే, ఆ కుదుపును బారు రెండో చక్రానికీ మోసుకెళ్తుంది. మరీ బిగువైతే మలుపులో లోపలి చక్రం తేలిపోతుంది. పైన చెప్పిన మూడూ ముందు చక్రాలు లాగే కార్లే. వీటికి ముందు మాత్రమే లావు బారు బిగిస్తే స్టీరింగ్ తిప్పినా బండి వెడల్పుగా పోతుంది. ఘాట్‌లో వెడల్పుగా పోవడమంటే ఎదురొచ్చే లారీ మీదికో, లోయ అంచుకో! వెనక అతిగా బిగిస్తే తడి రోడ్డు మీద తోక విసురుతుంది. అంటే రెండు వైపులా లెక్క కుదరాలి.

ముందు చూడాల్సినవి

పదిహేనేళ్లు దాటిన కారు వాలుతోందంటే సాధారణంగా బారు సన్నమై కాదు, చుట్టూ ఉన్న రబ్బరు చచ్చిపోయి. బారు బుష్‌లు, లింకు రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు.. వీటిలో ఆట ఉంటే ఎంత లావు కడ్డీ వేసినా దండగే. గతుకు దగ్గర ముందు నుంచి ‘టక్ టక్’ అని వినిపిస్తే మొదటి అనుమానం లింకు రాడ్ల మీదే.

తర్వాత షాక్ అబ్జార్బర్లు. కారు ఒక మూలను గట్టిగా నొక్కి వదిలితే పైకి లేచి నిలబడాలి. రెండు మూడు సార్లు ఊగినా, గొట్టం మీద నూనె చెమర్చినా పని అయిపోయినట్టే. ఒక్కటే మార్చడం పొదుపు కాదు, జతగా మార్చాలి. దిగుడులో బ్రేకు వేసినప్పుడు ముక్కు కిందికి దిగి, చక్రం నేలను సరిగా అంటకపోవడానికీ ఇవే కారణం. అలాంటి బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది.

బుష్ బోల్టులను కారు జాకీ మీద వేలాడుతుండగా బిగించేస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే చివరి బిగింపు. దగ్గరుండి చేయించుకోవాల్సిన పని ఇది. రబ్బరు బదులు పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే పట్టు పెరుగుతుంది గానీ రోడ్డు చప్పుడంతా క్యాబిన్‌లోకి వస్తుంది. ఇక పైన క్యారియర్ కట్టి బస్తాలెత్తేవాళ్లకు ఏ బారూ సాయపడదు. ఎత్తున పడిన బరువే బండిని వాల్చేస్తుంది.

అంబాసిడర్ లెక్క వేరు

ఉత్తరపాడలో 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు ముందు కాయిల్ స్ప్రింగులుండవు. పొడుగ్గా ఉండే టార్షన్ బార్లు మెలి తిరిగి బరువు మోస్తాయి. వెనక కమాను పట్టీలు. ముందు భాగం కుంగితే టార్షన్ బార్‌ను సర్ది ఎత్తుకు తేవచ్చు. పట్టీలు చదునైతే వంపు తీయించడమో, కొత్త కట్ట వేయించడమో మార్గం. మారుతీ 800ది మరో తీరు. అందులో ముందు స్టెబిలైజర్ బారే కింది ఆర్మ్‌ను ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచుతుంది. కొలత తేడా ఉన్న బారు వేస్తే చక్రం కోణమే మారిపోతుంది.

అన్నీ పక్కా చేశాక కూడా మలుపుల్లో వాలుతోందనిపిస్తే అప్పుడు ఒక సైజు లావు బారు ఆలోచించొచ్చు. ఎత్తు పెంచడానికి స్ప్రింగుల మధ్య రబ్బరు ముక్కలు దూర్చడం మాత్రం వద్దే వద్దు. స్ప్రింగు పని చేసే తీరు చెడుతుంది, బండి ఎత్తై మరింత వాలుతుంది.

చట్టం సంగతీ ఉంది. ఆర్.సి.లోని వివరాలు తయారీ సంస్థ చెప్పినదానికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. అరిగిన భాగం తీసి అదే రకంది వేయడం మరమ్మతు. అంతకు మించి చేస్తుంటే ఆర్.టి.ఓ.ను, బీమా సంస్థను ముందే అడగడం మంచిది. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాల్సిన బండ్లను ఎటూ తనిఖీకి తీసుకెళ్లాలి.

పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. కొత్త భాగాలతో నేరుగా ఘాట్‌కు బయల్దేరకుండా ఊళ్లోనే వంద కిలోమీటర్లు తిప్పి, నట్లు మరోసారి బిగింపించుకోవాలి. ఆ తర్వాతే సుంకి దారి.