చలికాలపు వుజూ - మడమల పగుళ్లు

నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాలలో డిసెంబరు, జనవరి మాసాలు వచ్చేసరికి గాలిలో తేమ తగ్గి, తెల్లవారుజామున చలి ముదురుతుంది. చెలకలలో వట్టి కాళ్లతో తిరిగే రైతులకు, మట్టిపనికి వలసపోయే కూలీలకు మడమలు బీటలు వారేది ఈ రోజులలోనే. ఫజ్ర్ వేళ హౌజు నీరు ఆ పగుళ్లకు తగిలితే సూదులు గుచ్చినట్లుంటుంది. అందుచేత కొందరు వృద్ధులు కాళ్లమీద నాలుగు చుక్కలు చిలకరించుకొని లేచిపోతారు. మరికొందరు పగుళ్లలో మైనం నింపి, దానిమీదనే వుజూ చేస్తారు.

వుజూలో పాదాలను చీలమండల వరకు కడగాలన్నది దివ్య ఖుర్ఆన్ (5:6) ఆదేశం. ఒక ప్రయాణంలో సహాబాలు తొందరలో పాదాలను తడిచేత్తో తుడిచి సరిపెట్టగా, పొడిగా మిగిలిన మడమల విషయమై దైవప్రవక్త (స) బిగ్గరగా నరకాగ్ని హెచ్చరిక చేసినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అయితే షరీఅత్ రోగిని ఇబ్బందిపెట్టదు. పగులు లోతై, నీరు హాని చేసేటట్లుంటే ఆ చోటును తడిచేత్తో తుడిస్తే చాలు. అదీ హానికరమైతే అంతవరకు విడిచి, మిగిలిన పాదం కడగాలని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. మందు తీస్తే హాని అయినప్పుడు దానిపైనే తుడవవచ్చు. హాని లేనప్పుడు మాత్రం మైనం తీయవలసిందే, అది నీటిని చర్మానికి తగలనివ్వదు. నూనె జిడ్డు అలాంటి అడ్డు కాదు.

మడమకే ఈ బాధ ఎందుకు? అరికాలి చర్మంలో నూనె గ్రంథులు లేవు. పైగా అది మందం. ఎండిన చర్మంమీద శరీర భారం పడగానే చీలుతుంది. మరీ వేడి నీళ్లు ఉన్న కాస్త జిడ్డునూ కడిగివేస్తాయి. బ్లేడుతో చెక్కడం పుండును కొనితెచ్చుకోవడమే.

మందుకోసం దూరం పోనక్కరలేదు. ఈ రెండు జిల్లాలూ ఒకప్పుడు ఆముదపు పంటకు పేరుపడినవే. ఇషా నమాజు తరువాత పాదాలు గోరువెచ్చని నీటితో కడిగి, తడి పూర్తిగా ఆరకముందే మడమలకు ఆముదమో, వాసెలినో పట్టించి నూలు మేజోళ్లు తొడగాలి. వేళ్ల సందులకు మాత్రం నూనె వద్దు. వుజూలో ఎడమచేతి చిటికెనవేలితో ఖిలాల్ చేసిన ఆ సందులను తరువాత గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి. తడి నిలిస్తే చర్మం తెల్లగా నాని, బూజు తెగులు పడుతుంది.

చలికి ఓర్వలేనివారికి తోలు మేజోళ్లపై మసహ్ సౌకర్యం ఉండనే ఉంది. పాదాలు కడిగి వుజూతో వాటిని తొడుక్కుంటే, ఆ వుజూ భంగమైనప్పటి నుండి స్థానికునికి ఒక పగలు, ఒక రాత్రి. ప్రయాణికునికి మూడు పగళ్లు, మూడు రాత్రులు గడువు. పలుచని నూలు, నైలాన్ మేజోళ్లకు హనఫీలు దీనిని అంగీకరించరు.

చక్కెర వ్యాధిగ్రస్తుల సంగతి వేరు. కొందరికి పాదాలలో స్పర్శ తగ్గిపోతుంది. కనుక వేన్నీళ్లను ముందు మోచేతితో చూసుకోవాలి, నెగడు దగ్గర కాళ్లు చాపరాదు. వుజూకు కూర్చున్నప్పుడు అరికాలు ఒకసారి తిప్పి చూసుకోవాలి. చూపు ఆననివారికి ఇంట్లోవారు చూడాలి. పుండు, వాపు, నలుపు కనిపిస్తే ఆముదంతో కాలయాపన చేయక అదే రోజు డాక్టరుకు చూపించాలి. నొప్పి లేదు కదా అని ఆగరాదు, నొప్పిని తెలిపే శక్తే ఆ పాదానికి పోయి ఉండవచ్చు.