టర్బో పోయిందని చెప్పే ముందు

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో ఉన్న కిరుమాంబాక్కం సముద్రానికి దగ్గరి ఊరు. అక్కడ గాలి పీడనం దాదాపు 101 కిలోపాస్కల్. పాత టర్బో డీజిల్ కారుకు పికప్ తగ్గినప్పుడు, ఇంజన్ స్టార్ట్ చేయకముందే పనికొచ్చే అంకె ఇది.

స్విఫ్ట్ డీడీఐఎస్, ఇండికా విస్టా క్వాడ్రాజెట్, ఫియట్ మల్టీజెట్‌ల పేర్లు వేరు గానీ, వాటిలోని ఇంజన్ మూలం ఒకటే, ఫియట్ 1.3 లీటర్ డీజిల్. స్విఫ్ట్‌లో అది 2007లో వచ్చింది. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి ఇప్పుడు రోడ్డు మీదున్నవన్నీ వయసు మీరుతున్నవే. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగకపోతే చాలా షెడ్లలో వినబడే మాట "టర్బో పోయిందండీ". పోయి ఉండవచ్చు. కానీ అది చివర తేల్చాల్సిన సంగతి.

టర్బో తోసిన గాలి ఎంత ఒత్తిడితో ఉందో ఇన్‌టేక్ దగ్గరి మ్యాప్ సెన్సార్ ఈసీయూకి, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు చెబుతుంది. అది చెప్పేది బయటి గాలిని కూడా కలుపుకున్న మొత్తం ఒత్తిడి. అందుకే తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో చూస్తే అది చుట్టూ ఉన్న గాలి పీడనాన్నే చూపాలి. కిరుమాంబాక్కంలో 101 దగ్గర, ఎత్తున ఉన్న మదనపల్లెలో 93 దగ్గర, హార్స్‌లీ హిల్స్ పైన 87 దగ్గర. మదనపల్లె కారు కొండ దిగి ఇక్కడికొస్తే అంకె పెరగడమే సెన్సార్ బాగున్నట్టు గుర్తు. ఇక్కడ నిలబెట్టిన కారులో 80 చూపితే మాత్రం అనుమానించాలి. అప్పుడు కూడా ముందు సెన్సార్‌ను కాదు, దాని కనెక్టర్‌ను. ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి. మల్టీమీటర్‌తో ఒక వైరులో 5 వోల్టులు, ఇంకో వైరులో సరైన ఎర్త్ వస్తున్నాయేమో చూడాలి. అవి బాగుంటే సెన్సార్ ఊడదీసి, రంధ్రానికి పట్టిన మసిని క్లీనర్ స్ప్రేతో కడగాలి. తీగ పెట్టి గీకకూడదు.

సెన్సార్ నిజమే చెబుతోందని తేలాక బండి కదలాలి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో, 1500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి మ్యాప్ అంకె చూడాలి. పక్కన కూర్చున్నవారు స్కానర్ చూస్తే చాలు, డ్రైవర్ చూపు రోడ్డు మీదే ఉండాలి. అంకె 101 దగ్గర నుంచి అసలు లేవకపోయినా, ఈసీయూ కోరినంత ఎక్కకపోయినా గాలి ఎక్కడో పోతోంది. స్కానర్‌లో P0299 కనబడేది ఇలాంటప్పుడే. బూస్ట్ తక్కువగా ఉందని దాని అర్థం. టర్బో చెడిందని ఆ కోడ్ చెప్పదు. చీలిన హోస్, వదులైన క్లిప్, పొగను మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుపోవడం కూడా అదే కోడ్ తెస్తాయి. టర్బో రెక్కల కోణాన్ని వాక్యూమ్‌తో మార్చే ఇంజన్లలో వాక్యూమ్ గొట్టం పగిలినా ఇదే కథ. హోస్ చీలికకు గుర్తులు తొక్కినప్పుడు ఈల, వెనక నల్లపొగ, గొట్టం మీద నూనె జాడ. వీటికయ్యే ఖర్చుకూ టర్బో ఖర్చుకూ పోలికే లేదు.

గాలి సరిపోతున్నా బండి లాగకపోతే, నల్లపొగ కూడా లేకపోతే, ఇంధనం వైపు తిరగాలి. కామన్ రైల్‌లో పంపు డీజిల్‌ను ఒకే గొట్టంలోకి ఎక్కిస్తుంది, ఇంజెక్టర్లు అక్కడి నుంచి తీసుకుంటాయి. ఈసీయూ కోరిన రైల్ ప్రెషర్, వాస్తవంగా ఉన్న ప్రెషర్ రెండూ స్కానర్‌లో పక్కపక్కన కనిపిస్తాయి. తొక్కినప్పుడు రెండూ దూరమైతే మొదట డీజిల్ ఫిల్టర్. ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్చేయండి, నీళ్లుంటే వదలండి. సెల్ఫ్ ఎంతసేపు తిప్పినా స్టార్ట్ కాకపోతే ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వెళ్లే డీజిల్‌ను, అంటే రిటర్న్‌ను చూడాలి. చాలా బాష్ వ్యవస్థల్లో స్టార్ట్ అవ్వాలంటే సుమారు 200 బార్ దాకా ప్రెషర్ కావాలి. ఒక ఇంజెక్టర్ లోపల కారుతుంటే ప్రెషర్ అంత దాకా ఎక్కదు. ఒక్కోదాని రిటర్న్ గొట్టానికి సీసా తగిలిస్తే, మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండే సీసా దొంగను పట్టిస్తుంది. నాలుగూ మార్చాలని చెప్పేవాళ్లను ఈ పరీక్ష చేశాకే నమ్మండి.

ఇంజన్ నడుస్తుండగా రైల్ పైపుల నట్లు వదులు చేసి చూసే పాత అలవాటు మాత్రం కామన్ రైల్ ఇంజన్లలో ప్రాణం మీదికి తెస్తుంది. 1,000 బార్‌కు పైగా ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. చిన్న గాటులా కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

టర్బో మార్చమని ఎవరైనా చెబితే, తాళం తిప్పినప్పటి మ్యాప్ అంకె, తొక్కినప్పటి మ్యాప్ అంకె, కోరిన, ఉన్న రైల్ ప్రెషర్లు చూపించమని అడగండి. చూపించలేకపోతే వేరే షెడ్డు చూసుకోండి.