నడిసముద్రంలో 23 రోజులు

పిల్లలూ, మీలో భీమిలి ఒడ్డునో, మంగినపూడి దగ్గరో నిలబడి సముద్రం చూసినవారు ఉంటారు. చేపల పడవ ఒకటి దూరంగా పోయి పోయి, చుక్కలా మారి, చివరకు కంటికి కనపడకుండా పోవటం చూసే ఉంటారు. అలా కనపడకుండా పోయిన చోటునుంచి ఇంకా ముందుకు, మూడు వారాలకు పైగా, ఒకే ఒక మనిషి చిన్న నావలో పోతే ఎలా ఉంటుంది? ఆయన ఏం తింటాడు? ఆయన నిద్రపోతే నావను ఎవరు నడుపుతారు? అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. అంతులేని ఆ నీళ్ళలో తాను చేరవలసిన చిన్న ద్వీపం ఎక్కడున్నదో ఎలా తెలుసుకుంటాడు?

ఇది కట్టుకథ కాదు. 1897లో జరిగిన సంగతి. ఆ మనిషి పేరు జాషువా స్లోకమ్. ఆయన 1844లో కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. చిన్నతనంలోనే ఓడలెక్కి, క్రమంగా పెద్ద తెరచాప ఓడలకు కెప్టెన్ అయ్యాడు. ఇంతలో ఆవిరి ఓడలు వచ్చిపడ్డాయి. తెరచాప ఓడల కెప్టెన్లకు పని లేకుండా పోయింది. ఆ స్థితిలో స్లోకమ్‌కు ఒక స్నేహితుడు పాత నావను ఇచ్చాడు. చూడబోతే అది సముద్రానికి దూరంగా, ఒక పొలంలో పాడుపడి ఉన్నది! స్లోకమ్ నిరుత్సాహపడలేదు. చివికిన చెక్క తీసివేస్తూ, కొత్త చెక్క బిగిస్తూ 13 నెలలపాటు తన చేతులతోనే దాన్ని మళ్ళీ కట్టాడు. అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. ఆ నావ పేరు ‘స్ప్రే’. అంటే నీటి తుంపర అని అర్థం. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. సుమారు మన బస్సు పొడవు అన్నమాట. వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు.

1895 ఏప్రిల్‌లో, 51వ యేట, ఆయన ఆ నావలో ఒంటరిగా అమెరికాలోని బోస్టన్ రేవునుంచి బయలుదేరాడు. భూమి చుట్టూ తిరిగి రావాలని ఆయన సంకల్పం. అంతటి సాహసికి ఈత రాదంటే నమ్ముతారా? నిజంగానే రాదు!

రెండేళ్ళలో అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలు దాటి, ఆస్ట్రేలియాకు ఉత్తరపు కొనన ఉన్న థర్స్‌డే ద్వీపం చేరాడు. 1897 జూన్ 24న అక్కడ తెరచాప ఎత్తాడు. ఈసారి చేరవలసినది హిందూ మహాసముద్రంలోని కీలింగ్ కోకోస్ ద్వీపాలు. దూరం 2,700 సముద్రపు మైళ్ళు. మన లెక్కలో దాదాపు 5,000 కిలోమీటర్లు.

ఆ నావకు యంత్రం లేదు. గాలే దాన్ని నడపాలి. జూన్, జూలై నెలలలో ఆ సముద్రం మీద ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు విడవకుండా వీస్తాయి. ఈ గాలులు మనకు పరాయివి కావు సుమా! ఇవే భూమధ్యరేఖ దాటి, భూమి తిరగటం వల్ల కుడివైపుకు ఒరిగి, నైఋతి ఋతుపవనాలై మన దేశానికి వస్తాయి. మన రైతులు తొలకరి కోసం ఆకాశం వంక చూసే రోజులలోనే, అక్కడ ఆ గాలి స్ప్రే తెరచాపను నింపుతూ ఉన్నది.

మరి చుక్కాని ఎవరు పట్టారు? ఎవరూ పట్టలేదు! స్లోకమ్ చుక్కానిని తాడుతో కట్టివేసి, ముందు తెరచాపను నావకు సరిగా మధ్యగా బిగించాడు. గాలి వెనుకనుంచి వస్తున్నంతసేపు నావ తిన్నగా పోతుంది. అది ఏ పక్కకైనా తిరిగిందంటే, గాలి ఆ ముందు తెరచాపను ఒక పక్కనుంచి కొట్టి, నావ ముక్కును మళ్ళీ దారిలోకి నెడుతుంది. ఈ 23 రోజులలో ఆయన చుక్కాని దగ్గర గడిపినది మొత్తం మీద మూడు గంటలకు మించలేదు.

కాబట్టి ఆయన రాత్రి గదిలో పడుకొని నిద్రపోయేవాడు. పగలు వంట చేసుకునేవాడు. చిరిగిన బట్టలు కుట్టుకునేవాడు. నావలో ఉన్న తిండి ఏమంటే ఎండిన ఉప్పుచేప, గట్టి బిస్కెట్లు, బంగాళాదుంపలు, టీ, కాఫీ వంటివి. వెచ్చని సముద్రాల మీద ఎగిరే చేపలు రాత్రివేళ నావలోకి వచ్చి పడేవి. తెల్లవారి వాటిని ఏరుకుంటే వేపుడుకు సరిపోయేవి. మంచినీళ్ళు మాత్రం పీపాలలో తెచ్చుకున్నవే. చుట్టూ అన్ని నీళ్ళున్నా గుక్కెడు తాగటానికి లేదు. సముద్రపు నీళ్ళు తాగితే, ఆ ఉప్పును బయటికి పంపటానికి మన శరీరం తాగిన దానికంటె ఎక్కువ నీరు ఖర్చుపెట్టవలసి వస్తుంది. దాహం తీరకపోగా ప్రాణానికే ముప్పు.

ఒంటరితనం మంచిది కాదని స్లోకమ్‌కు అనుభవం మీద తెలిసింది. అందుకే పుస్తకాలు చాలా తెచ్చుకున్నాడు. మాట్లాడే మనిషి లేని చోట అవే ఆయనకు నేస్తాలు.

జూలై 2న ఉత్తరాన టిమోర్ ద్వీపం కనిపించింది. మర్నాడు డానా అనే చిన్న ద్వీపం దాటాడు. ఆ రాత్రి నేల మీదినుంచి వచ్చిన గాలిలో సుగంధ ద్రవ్యాల వంటి వాసన తేలివచ్చింది. 11వ తేదీన క్రిస్మస్ ద్వీపం పక్కగా పోయాడు. అది ఆయన కంటికి సముద్రం మీద నిద్రపోతున్న తిమింగలంలా కనిపించింది. తలభాగంలో ఒక రాతిరంధ్రం కూడా ఉన్నది. అల కొట్టినప్పుడల్లా అందులోనుంచి నీళ్ళు పైకి చిమ్ముతున్నాయి!

అసలు పరీక్ష ఆ తరువాతనే మొదలయింది. క్రిస్మస్ ద్వీపం నుంచి కీలింగ్‌కు దాదాపు 980 కిలోమీటర్లు. మధ్యలో నేల లేదు. కీలింగ్‌లో కొండలు లేవు. పగడపు పురుగులు కట్టిన 27 చిన్న దీవులు. అన్నీ కలిపినా నేల 14 చదరపు కిలోమీటర్లే. అది కూడా చాలా చోట్ల నీటికి నాలుగైదు మీటర్ల ఎత్తున మాత్రమే ఉంటుంది. భూమి గుండ్రంగా ఉన్నది గదా! అందుచేత నావలోనుంచి చూసేవారికి 20 లేక 25 కిలోమీటర్ల దూరం వస్తేనే అక్కడి కొబ్బరిచెట్ల కొనలు కనపడతాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. గడియారం ముఖం మీద రెండు నిమిషాల గీతల మధ్య ఎడం 6 డిగ్రీలు. అందులో ఆరో వంతు ఒక డిగ్రీ. నావ దారి అంత కొంచెం తప్పితే, 980 కిలోమీటర్లు పోయేసరికి 17 కిలోమీటర్లు పక్కకు పోతుంది. రెండు డిగ్రీలు తప్పితే 34 కిలోమీటర్లు. ద్వీపం కనిపించనే కనిపించదు. అలా దాటిపోతే ఆయన దారిలో ఆ పైన వచ్చే నేల రోడ్రిగ్స్ ద్వీపం, ఇంకా 3,500 కిలోమీటర్లకు పైగా దూరాన!

స్లోకమ్ దగ్గర ఏమేమి సాధనాలున్నాయి? ఒకటి సెక్స్‌టెంట్. దానితో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిస్తే, భూమధ్యరేఖకు ఎంత దూరంలో ఉన్నామో, అంటే అక్షాంశం, తెలుస్తుంది. తూర్పు పడమరల సంగతి, అంటే రేఖాంశం, తెలియాలంటే సరైన గడియారం కావాలి. భూమి 4 నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది. ఆ ప్రాంతంలో ఒక డిగ్రీ అంటే 109 కిలోమీటర్లు. స్లోకమ్ దగ్గర ఉన్నదో, ముఖం పగిలి ఉన్నందున ఒక్క డాలరుకు బేరమాడి కొన్న రేకు గడియారం! దానికి నిమిషాల ముల్లు కూడా ఊడిపోయింది. మొరాయిస్తే నీళ్ళలో వేసి మరిగించేవాడు. అప్పుడు గంటలు మాత్రం చూపేది.

అందుచేత ఆయన రోజూ లెక్క కట్టేవాడు. దిక్సూచి చూసి ఏ దిక్కుకు పోతున్నదీ తెలుసుకునేవాడు. నావ వెనుక తాడుకు కట్టిన చిన్న మర నీళ్ళలో గిరగిర తిరుగుతూ ఎంత దూరం వచ్చినదీ చూపేది. ఆ దిక్కూ దూరమూ పటం మీద గుర్తు పెట్టేవాడు. నిన్నటి గుర్తు నుంచి నేటి గుర్తు, నేటి గుర్తు నుంచి రేపటి గుర్తు. ఒక్కరోజు బద్ధకించి తప్పు లెక్క వేస్తే, ఆ తప్పు మీదనే మిగతా రోజులన్నీ నిలబడతాయి.

జూలై 17న ఒక తెల్లని పిట్ట వచ్చి నావ చుట్టూ ఎగిరి, తిన్నగా పడమటికి పోయింది. ఆ ద్వీపవాసులు దాన్ని కీలింగ్‌కు దారి చూపే పిట్ట అంటారు. ఇంకొంత దూరం పోయేసరికి చేపల కోసం పోట్లాడుకుంటున్న పక్షుల గుంపు కనిపించింది. పటం మీది లెక్క ప్రకారం కూడా ఇక ద్వీపం రావాలి. స్లోకమ్ తెరచాప స్తంభం సగం ఎక్కాడు. ఎదుట నీళ్ళలోనుంచి మొలిచినట్టుగా కొబ్బరిచెట్లు!

అవి అక్కడ ఉంటాయని ఆయనకు తెలుసు. అయినా ఒళ్ళు ఝల్లుమన్నది. వణుకుతూ కిందికి జారి, నావ మీద కూలబడి, ఆపుకోలేక ఉద్వేగంలో మునిగిపోయాడు. తుఫానులలో బెదరని 53 ఏళ్ళ మనిషి!

కీలింగ్ పిల్లలకు ఆయన పెద్ద వింత. ఒకనాడు ఆయన నల్లని పండ్ల జాము తింటూ ఉంటే చూసి, ‘కెప్టెన్ తారు తింటున్నాడు!’ అని కేకలు పెడుతూ పరుగెత్తారు. తరువాత రుచి చూసి, అది తారు కాదని తెలుసుకున్నారు.

1898 జూన్‌లో స్లోకమ్ అమెరికా తిరిగి చేరాడు. ఒంటరిగా తెరచాప నావలో భూమిని చుట్టిన మొదటి మనిషి ఆయనే. ఈనాడు ఉపగ్రహాల సాయంతో నావ ఎక్కడున్నదీ చూపే యంత్రాలు వచ్చాయి. 2017-18లో మన నౌకాదళపు మహిళలు ఆరుగురు ‘తారిణి’ అనే తెరచాప నావలో భూమిని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నం అమ్మాయి ఒకరు, హైదరాబాదు అమ్మాయి ఒకరు ఉన్నారు. యంత్రాలు వచ్చినా సముద్రం మారలేదు. పటం చదవటం, లెక్క కట్టటం వారూ నేర్చుకున్నారు.

నేను బడిలో ఉన్న రోజులలో, ‘రోజూ లెక్కలెందుకు మాస్టారూ?’ అని అడిగే పిల్లలు ప్రతి యేడూ ఉండేవారు. వారికి నేను అట్లాసు తెరచి ఇచ్చేవాణ్ణి. మీరూ తెరచి చూడండి. ఆస్ట్రేలియా ఉత్తరపు కొనన వేలు పెట్టి, పడమటికి జరుపుతూ పోండి. కీలింగ్ కోకోస్ అన్న పేరు దొరుకుతుంది. దాని పక్కన ఉన్న చుక్క ఎంత చిన్నదో చూడండి. తరువాత మీ లెక్కల పుస్తకం తీయండి.