చెవిలోకి పురుగు దూరితే ఏం చేయాలి? నల్లమలలో ఆ రాత్రి ఏం జరిగిందంటే...

ఈ రోజు టాపిక్ వినగానే మీలో చాలామంది చెయ్యి చెవి మీదకి పోతుంది, నాకు తెలుసు. నిద్రలో ఉండగా చెవిలోకి పురుగు దూరితే ఏమవుతుంది?

శివరాత్రికి మేము శ్రీశైలం నడిచి వెళ్లాం. ఆత్మకూరు పక్కన వెంకటాపురంలో మొదలుపెట్టి, నాగలూటి మీదుగా పెద్దచెరువు చేరేసరికి చీకటి పడిపోయింది. అందరం నేల మీదే దుప్పట్లు పరుచుకుని పడుకున్నాం. అర్ధరాత్రి మా చిన్నాన్న కొడుకు ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు. "అన్నా, తలకాయలో ఏందో తిరుగుతాండాది!" అని ఒకటే కేక.

ముందు భయం తీర్చేస్తాను. పురుగు మెదడులోకి పోదు. పెద్దవాళ్లలో చెవి రంధ్రం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని చివర కర్ణభేరి అనే పల్చటి పొర గోడలా మూసి ఉంటుంది. దారి అక్కడితో అయిపోయింది. మరి అంత నరకం ఎందుకు? రంధ్రం లోపలి సగంలో చర్మం చాలా పల్చన, దాని కిందే ఎముక. చిన్న కాలు తగిలినా ప్రాణం లేచిపోతుంది. పైగా అది గీకేది కర్ణభేరి పక్కనే కదా, మైకు మీద గోరుతో గోకినట్టు వినిపిస్తుంది. వేమన పద్యంలో జోరీగకి చోటెందుకు దొరికిందో ఆ రాత్రి వాడి ముఖం చూస్తే అర్థమైంది. ఇరుకులో పురుగు వెనక్కి తిరగలేదు, అందుకే ముందుకే తోసుకుంటుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. సిగ్నల్ లేదు, గూగుల్ లేదు. ఒకాయన పిన్నీసు తీశాడు. నేనేమో హీరోలా ఫోన్ టార్చ్ వేశాను. వెలుతురుకి కొన్ని పురుగులు బయటికొస్తాయి, నిజమే. కానీ బొద్దింక లాంటివి వెలుతురంటే పారిపోతాయి, అంటే ఇంకా లోపలికి! మావాడికి నొప్పి ఎక్కువైంది. టార్చ్ ఆపేశాను.

అప్పుడు పక్కన పడుకున్న ఒక అవ్వ లేచి, పిన్నీసు పట్టుకున్నాయన చెయ్యి పక్కకి తోసేసి, వాణ్ణి ఒకే ఒక్క మాట అడిగింది: "నాయనా, నీది చీము కారే చెవా?" కాదన్నాడు. కాళ్లకి రాసుకోవడానికి తెచ్చుకున్న కొబ్బరినూనె సీసా తీసింది.

ఆ ప్రశ్న ఎంత విలువైందో తర్వాత డాక్టర్ చెప్తే తెలిసింది. చెవి కారుతున్నా, కర్ణభేరికి చిల్లు ఉన్నా, చెవికి ఆపరేషన్ అయ్యి ఉన్నా నూనె పోయకూడదు, మధ్య చెవిలోకి దిగిపోతుంది. అలాంటిదేమీ లేకపోతేనే పురుగున్న చెవి పైకి వచ్చేలా పడుకోబెట్టి, చెవి డొప్పను పైకి, వెనక్కి లాగి, గోరువెచ్చటి నూనె కొన్ని చుక్కలు వేయాలి. చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా కళ్లు తిరుగుతాయి. పురుగు ముక్కుతో కాదు, ఒంటి పక్కల ఉండే సన్నటి రంధ్రాలతో ఊపిరి తీసుకుంటుంది. నూనె వాటిని మూసేస్తుంది. కొన్ని నిమిషాలకి గోకుడు ఆగిపోయింది. చెవి కిందికి వంచితే నూనెతో పాటు చిన్న నల్ల పురుగు బయటపడింది.

పిన్నీసు వాడి ఉంటే? 1858లో ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సు దగ్గర జాన్ హానింగ్ స్పీక్ అనే ఇంగ్లీషు అన్వేషకుడి చెవిలోకి ఇలాగే రాత్రి పురుగు దూరింది. నూనె దొరకలేదు. కరిగించిన వెన్న పోస్తే పని చేయలేదు, దాంతో చాకు మొనతో పొడిచాడు. పురుగు చచ్చింది, చెవి చీము పట్టింది, చాలాకాలం సరిగా వినపడలేదు. పురుగు ముక్కలు నెలల తర్వాత కూడా గుబిలితో కలిసి వచ్చాయట. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మే కెమెరా ఉన్న గుబిలి పుల్లలున్నాయి చూడండి, అవీ పిన్నీసులే నా లెక్కలో.

ఇంకోటి. ఈ నూనె సంగతి పురుగుకే. పిల్లలు చెవిలో శనగగింజ పెట్టుకుంటే నీళ్లు పోయొద్దు, ఉబ్బుతుంది. చిన్న బటన్ బ్యాటరీ అయితే ఏదీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పశువుల మీదుండే పిడుదు, గోమారి అంటారు కొన్నిచోట్ల, అది చర్మాన్ని కరిచి పట్టుకుంటుంది. దాన్ని డాక్టరే తీయాలి.

పురుగు వచ్చేసింది కదా అని మావాడు డాక్టర్ దగ్గరికి రానన్నాడు. దర్శనం అయ్యాక నంద్యాలలో బలవంతంగా చూపించాను. డాక్టర్ లోపల చూసి, సన్న పట్టకారుతో ఒక కాలు ముక్క తీసి దూది మీద పెట్టారు. మావాడు దాన్ని ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు.