ఒళ్ళు తగ్గింది, మరి మనసో?

లావుగా ఉన్న ఆడదాన్ని చూస్తే ఊరందరికీ నోరు లేస్తుంది. తీరా ఆమె సన్నబడితే "అయ్యో, అలా పీక్కుపోయావేమిటి?" అనేవీ ఆ నోళ్ళే! బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న మా తోడికోడలికి సరిగ్గా ఇదే జరిగింది.

దీన్నే బేరియాట్రిక్ సర్జరీ అంటారు. 'స్లీవ్' పద్ధతిలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. 'బైపాస్'లో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి పేగుకు కలుపుతారు. ఇదేదో అందం కోసం అనుకునేరు! షుగరు, బి.పి. అదుపులోకి రావడానికే చాలామందికి డాక్టర్లు దీన్ని సూచిస్తారు.

అయితే తూకం తగ్గినంత తొందరగా మనసు మారదు. 35 కిలోలు తగ్గాక కూడా మా తోడికోడలు బస్సులో సీటు అంచునే కూర్చునేది, పక్కవాళ్ళకి ఇరుకవుతుందని. టైలరుకి ఆది జాకెట్టు పాతదే ఇచ్చేది. అద్దంలో పాత మనిషే కనబడుతోందనేది. ఇది చాదస్తం కాదండీ. ఏళ్ళ తరబడి కళ్ళకు అలవాటైన రూపం నెలల్లో చెరిగిపోతుందా?

పైగా చేతులు, పొట్ట, తొడల దగ్గర చర్మం వేలాడుతుంది. వ్యాయామంతో కండ గట్టిపడుతుందేగానీ, బాగా సాగిన చర్మం పూర్తిగా బిగియదు. మడతల్లో చెమట చేరి ఒరుసుకుంటుంది కనుక పొడిగా తుడుచుకుని, మెత్తని నూలు బట్టలు కట్టుకోండి. మరీ ఇబ్బందైతే చర్మం తీసే ఆపరేషన్ ఉంది. బరువు నిలకడగా నిలిచాకే, అంటే సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర తర్వాతే దాని సంగతి ఆలోచించాలి.

మూడో నెల నుంచి జుట్టు ఊడుతుంది. కంగారు పడకండి, చాలామందికి కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుంది. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. గుడ్డు, చేప, పెరుగు, పనీరు, పప్పు ముందు తిని, అన్నం ఆఖరున తినండి. డాక్టరు రాసిన విటమిను, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడాలి. పిల్లలు కావాలనుకునేవారు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగడం మంచిది.

బీరువాలో పాత జాకెట్లు తీసేయండి. కొత్త కొలతతో రెండైనా కుట్టించుకోండి. నెలకో ఫోటో తీయించుకుని పక్కపక్కన పెట్టి చూసుకోండి. అప్పటికీ దిగులు తగ్గకపోతే, తిండి మీదా మనుషుల మీదా విసుగు పుడుతుంటే మానసిక వైద్యుల్ని కలవడానికి సిగ్గుపడకండి.

ఇక చుట్టూ ఉన్న మనకో మాట. పేరంటంలో ఆమె రెండు ముద్దలతో చెయ్యి కడుక్కుంటే బలవంతం చేయకండి. "ఎన్ని కిలోలు తగ్గావు?" అని నలుగురిలో అడక్కండి. "ఓపికగా ఉంటోందా వదినా?" అనండి చాలు.