క్రాస్‌రోడ్స్ పక్క సందుల్లో స్ట్రీట్ ఫైటర్

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ. మెట్రో గ్రీన్ లైన్‌లో ఈ మూడు స్టేషన్లూ వరసగా వస్తాయి. 2020 ఫిబ్రవరి 7న ఈ లైన్ మొదలైనప్పటి నుంచి జనం నాలుగైదు నిమిషాల్లో పైనుంచే వీటిని దాటేస్తున్నారు. కింద నడిచేవాళ్లకే ఈ పేటల సంగతి తెలుస్తుంది. సంధ్య, దేవి, సుదర్శన్ 35 ఎంఎం, సప్తగిరి... నాలుగడుగులకో థియేటర్. తెలుగు సినిమా హిట్టా ఫట్టా తేల్చేది క్రాస్‌రోడ్సే. ఊరు మొత్తం కలెక్షన్లు ఒక లెక్క, క్రాస్‌రోడ్స్ కలెక్షన్లు వేరే లెక్క. ఈ పిచ్చికి వెల కూడా ఉంది. 2024 డిసెంబర్ 4 రాత్రి సంధ్యలో ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది.

అటు తిరిగితే అశోక్‌నగర్. గ్రూప్స్ కోచింగులు, స్టడీ హాళ్లు, జిరాక్స్ షాపులు, ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే క్యూ. నారాయణగూడలో వైఎంసీఏ, కాలేజీలు. ఇంతమంది కుర్రాళ్లు, చేతిలో ఇంత తక్కువ డబ్బు, సినిమాకీ సినిమాకీ మధ్య ఇంత ఖాళీ టైమ్ ఒకేచోట కలిస్తే వీడియో గేమ్ షాపు రాకుండా ఉంటుందా? 1990లలో నగరంలోని మిగతా బస్తీల్లాగే ఇక్కడి సందుల్లోనూ అవి పుట్టుకొచ్చాయి. చీకటి గది, గోడవారన రెండు మూడు డబ్బాలు, కాయిన్లు అమ్మే మనిషి. అక్కడ ముస్తఫా గేమ్ అంటే తెలియనివాడు లేడు. దాని అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని తెలిసినవాడూ లేడు. అదీ, దాని పక్కనే ఉండే ‘స్ట్రీట్ ఫైటర్’ కూడా జపాన్ కంపెనీ క్యాప్‌కామ్‌వే.

మొదటి స్ట్రీట్ ఫైటర్ వచ్చింది 1987లో. దాని పెద్ద మెషీన్‌కి బటన్ల బదులు రబ్బరు ప్యాడ్లుండేవి. ఎంత గట్టిగా గుద్దితే తెరమీద అంత గట్టి దెబ్బ. ఆడేవాళ్ల చేతులు నొప్పులు, మెషీన్లకు రిపేర్లు. దాంతో ప్యాడ్లు తీసేసి ఆరు బటన్లు పెట్టారు: గుద్దుకు మూడు, తన్నుకు మూడు. మన దగ్గర పిల్లలు అరిగిపోయేదాకా నొక్కిన ఆరు బటన్ల వెనక కథ ఇదే. ఆ ఆట రూపకర్తలు తకాషి నిషియామా, హిరోషి మత్సుమోతో తర్వాత పోటీ కంపెనీ ఎస్ఎన్‌కేకి వెళ్లి ‘ఫాటల్ ఫ్యూరీ’ చేశారు. అంటే ఎదురెదురుగా నిలిచిన రెండు ఆటల మూలం ఒకే చేతుల్లో ఉంది.

ఆటను ప్రపంచం నెత్తిన పెట్టుకుంది 1991లో రెండో భాగం వచ్చాకే. అందులోని గొప్ప విషయం పొరపాటున దొరికింది. బోనస్ రౌండ్‌లో కారును పగలగొట్టే చోట తప్పులు వెతుకుతున్న నిర్మాత నోరిటాకా ఫునమిజుకి ఒక దెబ్బ వెంట ఇంకో దెబ్బ, ఎదుటివాడు తేరుకునేలోపే పడుతున్నట్టు కనిపించింది. అంత కచ్చితమైన టైమింగ్ మామూలువాళ్ల వల్ల కాదులే అనుకుని దాన్ని సరిచేయకుండా వదిలేశారు. ఆడేవాళ్లు దాన్నే పట్టుకున్నారు. నేటి ప్రతి ఫైటింగ్ గేమ్‌లోనూ ఉండే ‘కాంబో’ అలా నిలిచింది. పాత్రల పేర్ల వ్యవహారం ఇంకో తమాషా. జపాన్‌లో బాక్సర్ పేరు ఎం.బైసన్. మైక్ టైసన్ కేసు వేస్తాడేమోనన్న భయంతో బయటి దేశాలకు పంపేటప్పుడు ముగ్గురు విలన్ల పేర్లు అటూ ఇటూ మార్చేశారు.

1994 ఆగస్టులో ఈ ఆట మీద వచ్చిన యానిమే సినిమా దగ్గర కాసేపు ఆగాలి. దర్శకుడు గిసబురో సుగీ. బొమ్మల సినిమాకు ఫైట్ మాస్టర్లెందుకు అని మనం అనుకుంటాం గానీ, వాళ్లు అనుకోలేదు. కే-1 కిక్‌బాక్సింగ్ పోటీలు మొదలుపెట్టిన కజుయోషి ఇషీని, స్విట్జర్లాండ్ కరాటే యోధుడు ఆండీ హగ్‌ని కూర్చోబెట్టి దెబ్బలు సరిచూసుకున్నారు. కారంచేడు నుంచి వచ్చిన ఫైట్ మాస్టర్లు రామ్-లక్ష్మణ్‌ల పేరు టైటిల్స్‌లో పడితే ఈలలు వేసే క్రాస్‌రోడ్స్ ప్రేక్షకుడికి ఇది ఇట్టే అర్థమవుతుంది. కాలు నేలమీద ఆనకపోతే దెబ్బ దెబ్బలా ఉండదు. వర్షంలో, గడ్డి మైదానంలో ఆట హీరో ర్యూ, అతని ప్రత్యర్థి సగత్ తలపడే తొలి సీన్ ఇప్పటికీ నిలబడిందంటే కారణం అదే. క్లైమాక్స్‌లో ర్యూ, అతని స్నేహితుడు కెన్ ఇద్దరూ కలిసి విలన్ మీద పడతారు. అది నచ్చి మరుసటి ఏడాది ‘స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా’ ఆటలోనూ ఇద్దరు కలిసి ఒకణ్ని కొట్టే పోరు పెట్టారు. సినిమా ఆట నుంచి తీసుకున్న అప్పును వడ్డీతో తీర్చింది.

ఇక ఆటలోని భారతీయ పాత్ర, మనవాడు ధల్సిమ్. మెడలో పుర్రెల దండ, నోట్లోంచి మంట, సాగే చేతులు, వెనక ఏనుగులు. మన దేశం ఇలా ఉంటుందని ఎవరు చెప్పారో గానీ, భారతదేశాన్ని దూరంనుంచి చూసి గీసిన బొమ్మ అది. ఆటలో కూడా మనవాడన్న అభిమానంతో అతన్ని ఎంచుకుంటే ఇబ్బందే: చేయి దూరం సాగుతుంది గానీ మనిషి నెమ్మది. అదే సుగీ 1995లో తీసిన 29 ఎపిసోడ్ల టీవీ యానిమేలో మాత్రం ధల్సిమ్‌కు గౌరవం దక్కింది. కుర్రాళ్లు ర్యూ, కెన్ ఇండియాకి వచ్చి అతని దగ్గరే విద్య నేర్చుకుంటారు. 1994 హాలీవుడ్ సినిమాలో ఆ పాత్ర రోషన్ సేఠ్ వేశాడు. కొత్త హాలీవుడ్ సినిమాలో విద్యుత్ జమ్వాల్ వేస్తున్నాడు. క్రాస్‌రోడ్స్‌కి ఇతను కొత్తవాడేం కాదు. 2011లో ‘శక్తి’, ‘ఊసరవెల్లి’ సినిమాల్లో జూనియర్ ఎన్టీఆర్ చేతుల్లో దెబ్బలు తిన్న విలనే. ఆ కొత్త హాలీవుడ్ సినిమాకి 2026 అక్టోబర్ 16 విడుదల తేదీ ప్రకటించారు.

అప్పుడు ధల్సిమ్‌ని క్రాస్‌రోడ్స్‌లో పెద్ద తెరమీద చూస్తామేమో. అతన్ని మొదట చిన్న తెరమీద చూపించిన షాపులు మాత్రం పోయాయి. సుదర్శన్ 70 ఎంఎం కూల్చేస్తే పత్రికలన్నీ రాశాయి, అభిమానులు కన్నీళ్లు పెట్టుకున్నారు. గేమ్ షాపుకు షట్టర్ పడితే ఎవరూ రాయలేదు. అది అన్యాయమే అంటాను. చిక్కడపల్లిలో గానీ, నారాయణగూడలో గానీ, అశోక్‌నగర్ సందుల్లో గానీ అలాంటి షాపు నడిపినవాళ్లు, అక్కడ ఫీజు డబ్బులు కాయిన్లుగా మార్చినవాళ్లు ఉంటే పాత ఫొటో ఒక్కటైనా, షాపు పేరైనా మా ఆదివారం అనుబంధానికి రాసి పంపండి.